‘ది విజర్డ్ ఆఫ్ ఆజ్’ బ్లూరే: పర్లాకిమిడిలో పిల్లలతో మూడుసార్లు చూశాక

ముందుగా కొనేవాళ్లకి పనికొచ్చే మాటలు చెప్పేస్తాను. ఇది పాత హాలీవుడ్ సినిమా బ్లూరే డిస్క్, మామూలు డీవీడీ ప్లేయర్‌లో ఆడదు. మా అబ్బాయి ఉద్యోగానికి భువనేశ్వర్ వెళ్తూ వదిలేసిన బ్లూరే ప్లేయర్ ఇంట్లో ఉంది కాబట్టి నాకు ఇబ్బంది లేకపోయింది. ఇందులో తెలుగు డబ్బింగ్ లేదు, ఒడియా కూడా లేదు. ఇంగ్లీష్ మాటలు, కింద ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్, అంతే. మొదట వచ్చిన డిస్క్ అంచు దగ్గర బీటవారి ఉంది. అమ్మినవాళ్లు ఫొటో అడిగారు, తర్వాత వీడియో అడిగారు, పదకొండు రోజులు తిప్పించి మార్చారు. రెండోది బాగానే వచ్చింది. పార్సిల్ విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

నేను స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంటి ముందు హాల్లో ట్యూషన్ చెబుతున్నాను. మా వీధిలో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు కలిసే వస్తారు, రెండు భాషలూ కలిపే మాట్లాడతారు. ఇదే ఆజ్ కథలోంచి ఈమధ్య వచ్చిన ‘వికెడ్’ సినిమా ముక్కలు ఫోన్లలో చూసి, "ఆ పచ్చమొహం ఆవిడ ఎవరు టీచరమ్మా, చిల్లంగా?" అని అడిగారు. అసలు కథ చూపిద్దామని ఈ డిస్క్ తెప్పించాను. చిల్లంగి, అంటే చేతబడి చేసే ఆడది, అన్న మాట వాళ్ల నోట అంత తేలిగ్గా రావడం కూడా నన్ను తెప్పించేలా చేసింది. ఎందుకో తర్వాత చెబుతాను.

సినిమా 1939లో వచ్చింది. నిడివి గంటా నలభై నిమిషాల పైచిలుకు. డిస్క్ పెట్టగానే మొదటి ఇరవై నిమిషాలు బొమ్మంతా గోధుమరంగులో ఉంటుంది. పక్కింటావిడ వచ్చి "టీవీ పాడయిందేటి అప్పా?" అని అడిగింది. పాడవలేదు. కథానాయిక డొరొతీ ఉండే అమెరికాలోని కాన్సస్ ప్రాంతాన్ని అలాగే తీశారు. ఇల్లు గాలిలో ఎగిరి ఆజ్ దేశంలో పడ్డాక, ఆ పిల్ల తలుపు తీస్తుంది. అక్కడి నుంచి రంగులు. తెరకి రెండు పక్కలా నల్లటి పట్టీలు కూడా కనిపిస్తాయి. ఆ రోజుల్లో సినిమా కొలత అదే. రిమోట్ తీసుకుని బొమ్మను సాగదీయకండి, మొహాలు అడ్డంగా ఉబ్బిపోతాయి.

బొమ్మ నాణ్యత గురించి నిశ్చింతగా చెప్పగలను. టెక్నికలర్ అంటే ఒకే దృశ్యాన్ని మూడు నెగటివ్‌ల మీద తీసే పద్ధతి. ఆ అసలు నెగటివ్‌లనే తిరిగి స్కాన్ చేసి ఈ డిస్క్‌కి ఎక్కించారు. డొరొతీ వేసుకునే కెంపు చెప్పుల మీద కుట్టిన తళుకులు ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తాయి. సినిమాకి మూలమైన నవలలో అవి వెండి చెప్పులు. రంగు తెర మీద ఎరుపైతే నిలుస్తుందని సినిమావాళ్లు మార్చారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ ఎరుపు ఇంకా నిలిచే ఉంది.

గాలివాన ఘట్టం దగ్గర హాలంతా చప్పుడు లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఎంత అతలాకుతలం చేసిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ట్యూషన్‌కి వచ్చే పెద్దపిల్ల అప్పటికి బడిలో చేరబోతోంది. వాళ్ల ఇంటి రేకులు లేచిపోయి ఎదురింటి కొబ్బరిచెట్టుకి తగులుకున్న సంగతి దానికి ఇంకా గుర్తే. డొరొతీ వాళ్ల నేలమాళిగ తలుపు కొడుతుంటే లోపలివాళ్లకి వినిపించని చోట ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఆ సుడిగాలిని ముప్పై అయిదు అడుగుల పొడవున మస్లిన్ గుడ్డతో గొట్టంలా కుట్టి, పైనుంచి వేలాడదీసి తిప్పి తీశారని చెప్పాను. "గుడ్డా?" అని మళ్లీ వెనక్కి తిప్పించి చూసింది. గుడ్డని తెలిశాక చెయ్యి వదిలింది.

ఇప్పుడు మంత్రగత్తెల సంగతి. ఈ డిస్క్ గురించి రాయాలని కూర్చున్నదే అందుకు.

డొరొతీ ఇల్లు వచ్చి తూర్పుదిక్కు మంత్రగత్తె మీద పడుతుంది. ఇంటికింద చారల మేజోళ్లతో రెండు కాళ్లే కనిపిస్తాయి. అంతలో ఒక బుడగ గాలిలో తేలుతూ వస్తుంది, అందులోంచి మంచి మంత్రగత్తె గ్లిండా దిగుతుంది. గులాబీరంగు గౌను, తల మీద ఎత్తయిన కిరీటం, చేతిలో నక్షత్రపు కర్ర. వచ్చీ రాగానే ఆ పిల్లని అడిగే మొదటి మాట, నువ్వు మంచి మంత్రగత్తెవా, చెడ్డ మంత్రగత్తెవా అని. నేను అసలు మంత్రగత్తెనే కానని డొరొతీ అంటుంది. ఆ ఊళ్లో ఉండే మంచ్‌కిన్‌లనే పొట్టి మనుషులు నమ్ముతారు. పాటలు పాడి, పూలిచ్చి, ఊరేగింపుగా సాగనంపుతారు.

నేను అక్కడ పాజ్ నొక్కాను. పిల్లలు పాట కోసం గోల చేస్తున్నారు. నాకు మా చిన్నమ్మమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మకి పిన్ని ఆవిడ. కాశీనగర్ అవతల ఒక పల్లెలో ఉండేది. మొగుడు పోయాక ఒంటరిగా బతికింది. కామెర్లకి ఆకుపసరు పోసేది. ఎదురింటి పిల్లాడికి జ్వరం వచ్చి పోయాడు. ఆ వారంలోనే ఎవరిదో దూడ కూడా చచ్చింది. చిల్లంగి పెట్టిందన్నారు. కాదని ఆవిడ ఎంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. మగాళ్లు నలుగురు పట్టుకుని పటకారుతో ముందుపళ్లు ఊడబెరికారు. పళ్లు లేకపోతే మంత్రం నోట సరిగ్గా పలకదని వాళ్ల నమ్మకం. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. చోడి అంబలి తప్ప ఇంకేమీ తినలేకపోయేది. గిన్నె అంచుని పెదాలతో వెతుక్కుంటూ తాగేది. నోరు లోపలికి పోయి, గడ్డం ముందుకొచ్చి, ముక్కు కొస దాదాపు గడ్డానికి ఆనుతున్నట్టుండేది. నన్ను దగ్గరికి రమ్మంటే వెళ్లలేదు. అమ్మ చీర వెనక దాక్కున్నాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కథల పుస్తకాల్లో మంత్రగత్తె బొమ్మ ఎప్పుడు చూసినా అదే మొహం. వంకీ ముక్కు, పొడుచుకొచ్చిన గడ్డం, లోపలికి పోయిన నోరు. పళ్లూడిన ముసలమ్మ మొహం అది, అంతకన్నా ఏమీ లేదు. మా ఊళ్లో ఆ మొహాన్ని చేత్తో తయారుచేసి, ఇదిగో చిల్లంగి మొహం అని పిల్లలకి చూపించారు.

అందుకే సినిమాలో ఒక మాట నాకు మింగుడు పడలేదు. మంత్రగత్తెలంటే ముసలివాళ్లు, వికారంగా ఉంటారు కదా అంటుంది డొరొతీ. అందమైన మంత్రగత్తె ఉంటుందని నేనెప్పుడూ వినలేదంటుంది. దానికి గ్లిండా నవ్వుతూ, చెడ్డ మంత్రగత్తెలే వికారంగా ఉంటారని చెబుతుంది. మంచి మంత్రగత్తె నోటినుంచి రాకూడని మాట. పిల్లలు పుస్తకంలో చదివినదాన్ని మర్చిపోతారు గానీ ఇలా తియ్యగా చెప్పిన దాన్ని మర్చిపోరు. మీరు పిల్లలతో చూస్తే ఇక్కడ ఆపి రెండు ముక్కలు మాట్లాడండి. నేను మాట్లాడాను.

వాళ్లకి చెప్పిన సంగతులు ఇవి. పచ్చమొహంతో కనిపించే పడమటిదిక్కు మంత్రగత్తె వేషానికి మొదట గేల్ సోండర్‌గార్డ్ అనే అందమైన నటిని అనుకున్నారు. తళుకుల నల్ల దుస్తులతో టెస్ట్ కూడా తీశారు. ఆ తర్వాత స్టూడియోలో మనసు మార్చుకున్నారు, మంత్రగత్తె వికారంగానే ఉండాలన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. అప్పుడు ఆ వేషం మార్గరెట్ హామిల్టన్‌కి వచ్చింది. అంటే ఆ వికారం కథలో పుట్టలేదు, ఆఫీసు గదిలో నిర్ణయమైంది. ఆ పచ్చ మొహం కూడా సినిమాదే. 1900లో ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన నవలలో ఆవిడకి ఒకే కన్ను ఉంటుంది గానీ ఒళ్లు పచ్చగా ఉండదు.

ఇంకొకటి చెప్పాను, పిల్లలు నమ్మలేదు. సినిమా తీసేనాటికి, అందంగా మెరిసిపోయే గ్లిండా వేషం వేసిన బిల్లీ బర్క్ వయసు యాభైనాలుగు. ముసలి మంత్రగత్తెగా చేసిన హామిల్టన్‌కి ముప్పై అయిదూ ముప్పై ఆరూ. "అయితే ఈవిడే చిన్నదా?" అని ఎదురింటి ఒడియా కుర్రాడు రిమోట్ తీసుకుని ఇద్దరి మొహాల మీదా బొమ్మ ఆపి చూశాడు. పెట్టుడు ముక్కు, పెట్టుడు గడ్డం, దాని మీద పులిపిరి, ఆ పైన పచ్చరంగు. ఆ రంగు కింద ఏముందో వెతకడం వాళ్లకి ఆటయింది.

నవలలో ఉత్తరదిక్కు మంచి మంత్రగత్తె వేరే ఉంది. ఆవిడ ముడతలు పడ్డ చిన్న ముసలమ్మ. డొరొతీ నుదుటి మీద ముద్దు పెట్టి, ఆ గుర్తు ఉన్నంతకాలం నీ జోలికి ఎవరూ రారని చెబుతుంది. గ్లిండా దక్షిణదిక్కు మంత్రగత్తె, చివర్లో గానీ రాదు. సినిమాలో ఇద్దరినీ కలిపి ఒకరిని చేశారు, ముసలమ్మ పోయింది. నాకు ఇది పెద్ద నష్టమే అనిపించింది. మన కథల్లో పేదరాశి పెద్దమ్మ లేదూ? దారితప్పిన రాజకుమారుడికి అన్నం పెట్టి, పడుకోబెట్టి, తెల్లారాక ఏ దిక్కుకి వెళ్లకూడదో చెప్పే ఆవిడ. ఆవిడకి కిరీటం లేదు, బుడగ లేదు. ఆవిడ అందంగా ఉందో లేదో ఏ కథా చెప్పదు. నవలలోని ముసలమ్మ సరిగ్గా ఆ కోవలోది. సినిమా ఆవిడని ఉంచి ఉంటే, మంచి మంత్రగత్తె కూడా ముడతల మొహంతో ఉంటుందని లోకమంతా పిల్లలు చూసేవాళ్లు.

మనకి మాటలు కూడా తక్కువ. మంత్రసాని అంటే పురుడు పోసే చల్లని చెయ్యి. మంత్రగత్తె అంటే చెడ్డదే, మంచి మంత్రగత్తె అనడం మన నోటికి అలవాటు లేదు. చిల్లంగిలో అయితే మంచి చిల్లంగి అన్న మాటే లేదు. ఇటు ఒడియాలో డాహాణి అన్నా అంతే. మా ఒడిశా రాష్ట్రంలో ఈ నిందలు ఆపడానికి 2013లో ప్రత్యేకంగా చట్టమే చెయ్యాల్సి వచ్చింది. అలాంటి చోట పిల్లలకి ‘మంచి మంత్రగత్తె’ అన్న ఊహ అందించడమే పెద్ద పని. ఆ పని ఈ సినిమా చేస్తుంది. దాని మీద నాకున్న ఫిర్యాదు పక్కన పెట్టి ఈ మాట చెబుతున్నాను.

బామ్‌కి ఈ ఊహ ఎక్కడ నుంచి వచ్చి ఉంటుందో నాకు ఒక దారి కనిపిస్తుంది. ఆయన అత్తగారు మటిల్డా జోస్లిన్ గేజ్. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జీవితాంతం పోరాడిన మనిషి. 1893లో వేసిన పుస్తకంలో, యూరప్‌లో మంత్రగత్తెలని చెప్పి చంపిన ఆడవాళ్ల గురించి ఒక అధ్యాయమే రాసింది. వాళ్లలో చాలామంది మందూ మాకూ తెలిసిన జ్ఞానులని ఆవిడ వాదన. అల్లుడి నవల రావడానికి రెండేళ్ల ముందే, 1898లో, పోయింది. కామెర్లకి పసరు పోసిన మా చిన్నమ్మమ్మ గురించి ఎక్కడో అమెరికాలో అత్తగారు ముందే రాసిపెట్టినట్టు అనిపించింది నాకు.

హామిల్టన్ సంగతి చెప్పకుండా ఈ రివ్యూ ఆపలేను. ఆవిడ సినిమాల్లోకి రాకముందు కిండర్‌గార్టెన్ టీచర్. తెర మీద కనిపించేది కాసేపే. కానీ 2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన విలన్ల జాబితాలో ఆవిడది నాలుగో స్థానం. 1938 డిసెంబర్ 23న మంచ్‌కిన్‌ల ఊరి నుంచి మంటల్లో మాయమయ్యే షాట్ తీస్తుంటే, ఆవిడ కింది గుంటలోకి దిగేలోపే మంట లేచింది. మొహం, చెయ్యి కాలాయి. ఆ పచ్చరంగులో రాగి కలిసి ఉండటంతో కాలిన చర్మం మీదే దాన్ని ఆల్కహాల్‌తో తుడిచి తియ్యాల్సి వచ్చింది. ఆరు వారాలు ఇంట్లో ఉండి తిరిగి వచ్చింది. ఇక నిప్పుతో పని చెయ్యనని చెప్పి, మిగతా వేషం పూర్తి చేసింది.

ఆ ఎర్ర పొగ షాట్ వచ్చినప్పుడల్లా నేను చూపు తిప్పుకుంటున్నాను. పిల్లలు చప్పట్లు కొడతారు, కొట్టనిస్తాను.

తన వేషం చూసి పిల్లలు భయపడుతున్నారని ఆవిడ బాధపడేది. 1975లో ఫ్రెడ్ రోజర్స్ పిల్లల టీవీ కార్యక్రమానికి మామూలు దుస్తుల్లో వెళ్లి, కెమెరా ముందే మంత్రగత్తె గౌను, టోపీ ఒక్కొక్కటిగా వేసుకుంటూ ఇదంతా వేషమని చూపించింది. టీచర్ చేసే పని అది. డిస్క్‌లో కమెంటరీ ట్రాక్ ఒకటుంది. చరిత్రకారుడు జాన్ ఫ్రికే చెబుతుంటే మధ్యమధ్య పాత ఇంటర్వ్యూల నుంచి నటుల గొంతులు వస్తాయి. హామిల్టన్ గొంతు అందులో వినండి. పొందిగ్గా, ఆప్యాయంగా మాట్లాడుతుంది. ఆ కీచు నవ్వు నవ్విన గొంతు ఇదేనంటే నమ్మలేం. ఈ డిస్క్ కొనమని చెప్పడానికి నా మొదటి కారణం ఆ ట్రాక్. ఫోన్‌లో ముక్కలు చూస్తే ఇది దొరకదు.

పిల్లలు నాకు చూపించిన విషయం ఒకటుంది. మా చెల్లెలి మనవరాలికి ఆరేళ్లు. మొదటి రోజు పచ్చమొహం కనపడగానే లేచి వంటింట్లోకి పోయింది. ముఖ్యంగా గాజుగోళంలో డొరొతీ పెద్దమ్మ ఎమ్ మొహం పోయి మంత్రగత్తె మొహం వచ్చే చోట పెద్దపిల్లలు కూడా బిగుసుకుపోతారు. ఆరేళ్లలోపు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మూడోసారి చూసేటప్పుడు ఈ గుంటే అడిగింది. "అమ్మమ్మా, ఇల్లు పడి చచ్చిపోయింది ఈవిడ తోబుట్టువే కదా. మరి అందరూ పాట పాడతారేటి?" నేను జవాబు చెప్పేలోపు పెద్దపిల్ల అందుకుంది. "చెప్పులు కూడా ఈవిడకి ఇవ్వలేదు." నిజమే. తోబుట్టువు శవం ఇంకా ఇంటికిందే ఉంది. చుట్టూ ఊరంతా పాడుతోంది. ఆవిడ చెప్పులు వేరే పిల్ల కాళ్లకి ఎక్కాయి. ఆ ఘట్టం అన్నేళ్లుగా తెలిసినా అలా ఎప్పుడూ ఆలోచించలేదు.

నీళ్ల ఘట్టం కూడా అంతే. డొరొతీకి తోడుగా నడిచే గడ్డి దిష్టిబొమ్మకి మంత్రగత్తె నిప్పంటిస్తుంది. దాన్ని ఆర్పడానికి డొరొతీ బకెట్ ఎత్తుతుంది, నీళ్లు మంత్రగత్తె మొహాన పడతాయి. ఆవిడ కరిగిపోతుంది, నల్ల గౌను, టోపీ నేల మీద మిగులుతాయి. ఇది చంపాలని చేసిన పని కాదని డొరొతీ మళ్లీ మళ్లీ చెబుతుంది, గొంతు వణుకుతుంది. జూడీ గార్లండ్‌కి అప్పటికి పదహారేళ్లు. ఆ వణుకు ఇప్పుడు చూసినా తాజాగా ఉంది. చెడ్డదాన్ని చంపానని గర్వపడని పిల్ల ఆ సినిమాకి నాయిక. నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అది. కావలివాళ్లు సంబరపడతారు, ఆ పిల్ల మాత్రం పడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పాటలు బాగున్నాయి. ఇంద్రధనుస్సు పాట వచ్చేది గోధుమరంగు భాగంలోనే, ముందుకు తోసెయ్యకండి. పాటల అక్షరాలు తెర మీద వచ్చే సింగ్ అలాంగ్ ఉంది, ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లలకి మంచి సాధనం. డొరొతీకి తోడయ్యే సింహం, తగరపు మనిషి ఘట్టాలు పిల్లలకి ఎంత నచ్చాయో నాకు అంత నచ్చలేదు. ఎగిరే కోతులు వచ్చేటప్పుడు సౌండ్ తగ్గించుకోండి. డిస్క్ కవర్ పల్చటి ప్లాస్టిక్, మూత బిగువుగా లేదు. ఆ ధరకి ఇంకొంచెం గట్టి పెట్టె ఇవ్వాల్సింది.

అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గించానో పైన చెప్పాను.

ప్రస్తుతం డిస్క్ నా దగ్గర లేదు. పాతపట్నంలో మా చెల్లెలు వాళ్ల వీధి పిల్లలకి చూపిస్తానని పట్టుకెళ్లింది. గ్లిండా బుడగ దిగే చోటు ఎన్నో నిమిషమో, ఎక్కడ ఆపాలో, కమెంటరీ ఏ బటన్ నొక్కితే వస్తుందో కాగితం మీద రాసి కవర్లో పెట్టి ఇచ్చాను. కాగితం వెనక మనవరాలు బొమ్మ వేసింది. సగం మొహం పచ్చ, సగం మొహం మామూలు. కింద ‘టీచర్’ అని రాసింది.